ఎలుగు లేని దేశంలో ఒంటె

ముందు వాసన వచ్చింది. ఆ తర్వాతే ఒంటె కనిపించింది.

ఎండుగడ్డి వాసన. ఎండకు కాగిన తోలు వాసన. చెమట — మనిషిది కాదు, జంతువుది. గాలి దాన్నంతా మోసుకొచ్చి ట్యాంకర్ కిటికీలోంచి నా ముఖాన కొట్టింది.

గాలి అప్పుడే మొదలైంది.

దిబ్బ మీది ఇసుక కదులుతోంది... సన్నగా, పొడిగా, పిండి జల్లించినట్టు. దిబ్బ కింద గుడారాలు. గుడారాల ముందు తివాచీలు. తివాచీల మీద తెల్లవాళ్లు — ఎండను కోరి కొనుక్కున్నవాళ్లు. వాళ్లకు కొంచెం ఎడంగా ఒంటెలు మోకాళ్లు మడిచి కూర్చున్నాయి. ఎవరొచ్చినా, ఎవరు పోయినా తమకేం పట్టనట్టు నములుతున్నాయి.

నేను ఒంటె ఎక్కడానికి వచ్చాను.

సరదాకు కాదు. ఫోటోకు కాదు. ఊరికి పోయాక నలుగురిలో చెప్పుకోవడానికి అసలే కాదు.

నాకు జడుపు పట్టింది. దాన్ని దించుకోవడానికి వచ్చాను.

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మా క్యాంపులో ఇప్పటికే నవ్వారు. నవ్వి, వాళ్లే పంపారు.

*

అంతకు ముందు వారం భోజన్న పడ్డాడు.

ఎనభై మూడు, మార్చి నెల. అబుదాబిలో సముద్రం వైపు ముఖం పెట్టి లేస్తున్న బిల్డింగు. బయటి గోడ పొడవునా పరంజా — ఇనుప పైపులు, వాటి మీద చెక్క పలకలు. ఆ పలకల మీద నేనూ, భోజన్నా. గోడకు సిమెంటు పూసే పని. ఇద్దరిదీ భీంగల్ వైపే. అక్కడ ఉన్నంతకాలం ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఇక్కడికి వచ్చాక ఒకే గది, ఒకే గిన్నె, ఒకే సబ్బు.

ఆ రోజు కూడా గాలి.

ఎప్పుడూ ఉండేదే. సముద్రం మీంచి వచ్చి, గోడకు తగిలి, పైకి లేచి, మా చొక్కాల్లో దూరి పోయే గాలి. భోజన్న ఏదో పాట ఎత్తుకున్నాడు. ఎప్పటిలాగే సగంలో మాటలు మరిచిపోయాడు. సిమెంటు తట్ట అందుకోవడానికి పలక చివరకు ఒక అడుగు వేశాడు.

టక్ — అని చప్పుడు.

పలకకు నా వైపు కొస లేచింది. పైపు పట్టుకుని తిరిగి చూశాను. భోజన్న ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

కింద ఇసుక కుప్ప ఉంది కాబట్టి బతికాడు. నడుము విరిగింది. ఆసుపత్రి నుంచి నేరుగా విమానానికే మోసుకుపోయారు. పోయే ముందు చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకున్నాడు.

"పల్క కట్టలేదురా లింబాద్రీ," అన్నాడు.

అంతే అన్నాడు. నేను విన్నాను. కానీ ఆ మాట కన్నా అతని చేతి చల్లదనమే నాకు ఎక్కువ తెలిసింది.

కంపెనీ వేరే మాట చెప్పింది. ఎండకు తల తిరిగి పడ్డాడట. ఫోర్‌మన్ చెప్పాడు, ముదీర్ చెప్పాడు, వాళ్లు చెప్పాక మిగతావాళ్లూ చెప్పారు. ముదీర్ అంటే మా మేనేజరు. ఆయన చెప్పింది క్యాంపులో వేదం.

*

మర్నాడు పరంజా దగ్గరికి పోయాను.

పైపు పట్టుకున్నాను. కింది మెట్టు మీద కాలు పెట్టాను. కాలు ఎక్కింది... మోకాలు ఎక్కలేదు.

మళ్లీ పెట్టాను. మోకాలు వణికింది. వణుకు తొడలోకి పాకింది, తొడ నుంచి కడుపులోకి, కడుపులోంచి నోట్లోకి. పళ్లు కొట్టుకున్నాయి. మిట్ట మధ్యాహ్నం, మిరపకాయ వేస్తే వేగే ఎండలో నాకు చలి.

నేను గౌండ్ల ఇంట్లో పుట్టినవాణ్ని. మీసం రాకముందే తాటిచెట్టెక్కి కల్లు గీసినవాణ్ని. చెట్టు మొవ్వులో కూర్చుని, కిందనున్న ఊరిని చూసి ఈల వేసినవాణ్ని. అలాంటివాడికి ఎత్తు అంటే భయమా? ఎవరికైనా చెబితే నమ్ముతారా? నాకే నమ్మబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోర్‌మన్ వచ్చి నా కాలి వంక చూశాడు. తర్వాత ముఖం వంక చూశాడు.

"డర్‌పోక్," అన్నాడు.

పిరికివాడా, అని. అందరూ వినేట్టు.

ఆ పూట నన్ను కింద ఇసుక జల్లించే పనికి పెట్టాడు. ఆ మర్నాడూ అదే. మూడో రోజు సాయంత్రం బస్సు ఎక్కబోతుంటే ఆపి చెప్పాడు — శనివారం పొద్దున పరంజా ఎక్కాలి. ఎక్కకపోతే ఖలాస్. టికెట్ చేతిలో పెట్టి పంపేస్తాం. ఇక్కడ కింద నిలబడేవాళ్లు మాకు కావలసినంతమంది ఉన్నారు.

ఖలాస్. అయిపోయింది అనే మాట. ఈ దేశం వచ్చాక మేమందరం మొదట నేర్చుకున్న మాట అదే.

*

ముసఫ్ఫాలో మా క్యాంపు. రేకుల గదులు. ఒక్కో గదిలో మంచం మీద మంచం. ఆ రాత్రి నాకు ఒళ్లు కాలిపోయింది. భీమయ్య వచ్చి నా కింది రెప్ప లాగి చూశాడు. నాలుక చూశాడు. అరిచెయ్యి చూశాడు. మా అందరిలో పెద్దవాడు, ఊళ్లో తేలు మంత్రం వేసేవాడు, ఇక్కడ ఇనుపరాడ్లు వంచేవాడు.

"గిది జరం గాదు," అన్నాడు. "జడుపు. గోలీలకు వోదు."

గదిలో అందరూ తలూపారు. జడుపంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిడుగు పడినప్పుడు, పాము కనిపించినప్పుడు, కళ్ల ముందు మనిషి పోయినప్పుడు లోపల చొరబడుతుంది. ఒకసారి చొరబడితే ఊరికే పోదు. ఎవరో ఒకరు దించాలి.

మా వైపు దాన్ని గుడ్డెలుగు దించుతుంది.

నాకు అయిదారేళ్లున్నప్పుడు మా కొట్టం మీద పిడుగు పడింది. బర్రె చచ్చిపోయింది. నేను మాట్లాడటం మానేశాను. అన్నం చూస్తే వాంతి. రాత్రయితే మంచం కింద దూరేవాణ్ని. కొన్నాళ్లకు ఎలుగును ఆడించేవాడు ఊళ్లోకి వచ్చాడు. మా అమ్మ సాయవ్వ చాటెడు జొన్నలు పట్టుకుని, నన్ను చంకనేసుకుని ఎదురు పోయింది. ఆయన నన్ను ఎత్తి ఎలుగు వీపు మీద కూర్చోబెట్టాడు. మూడు చుట్లు తిప్పాడు. బొచ్చులోంచి ఒక వెంట్రుక పీకి, నల్లదారంలో ముడేసి నా మెడలో కట్టాడు.

ఆ రోజు సాయంత్రం అన్నం తిన్నాను.

జడుపు నిజంగానే పోయిందో, పోయిందని మా అమ్మ ఊరంతా చెప్పుకు తిరిగినందుకు నేను దాన్ని పోనిచ్చానో... ఇప్పుడు చెప్పలేను. పోయింది మాత్రం నిజం.

కానీ ముసఫ్ఫాలో ఎలుగు ఎక్కడిది?

"ముదీర్ ఇంట్ల పిల్లి ఉన్నదట," అన్నాడు పై మంచం మీది వెంకట్రాములు. "దాని మీద ఎక్కుతడా?"

నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అంత జ్వరంలోనూ.

భీమయ్య నవ్వలేదు. చాలాసేపు గోడ వంక చూసి, తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"అడివికి ఎలుగెంతనో ఇసుకకు ఒంటె గంతే. ఎలుగు దొరకకుంటే ఒంటె. మూడు చుట్లు, ఒక్క ఎంటిక. గంతే."

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎక్కడ రాసుందని ఎవరూ అడగలేదు. దేశం కాని దేశంలో దేవుళ్లనే సర్దుకున్నాం — రేకుల గోడకు క్యాలెండర్ తగిలించి దాన్నే గుడి అనుకున్నాం. ఎలుగును సర్దుకోలేమా?

*

ఒంటెలు మా దారిలో రోజూ కనిపిస్తాయి. కానీ ప్రతి ఒంటెకూ ఒక షేక్ ఉంటాడు. ముట్టుకుంటే పోలీసులు. మమ్మల్ని ఎక్కించుకునే ఒంటె ఎక్కడుందో చెప్పింది మౌలా సాహెబ్.

నెల్లూరు మనిషి. నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. మా క్యాంపుకు నీళ్లు పోసి, మా దగ్గర టీ తాగి, మా కూరలో కారం ఎక్కువైందని తిట్టి పోతాడు. శుక్రవారం శుక్రవారం అల్ ఐన్ రోడ్డు పక్కనున్న గుడారాలకు కూడా నీళ్లు తీసుకుపోతాడు. ఏదో హోటలు వాళ్లు తెల్లవాళ్లను తీసుకొచ్చి, ఖర్జూరం పెట్టి, ఒంటె ఎక్కించి, సూర్యుడు మునగడం చూపించి పంపుతారట.

"సూర్యుడు మునిగేదానికి టికెట్టా సాబ్?" అన్నాను.

"ఈడ అన్నిటికీ టికెట్టే అబ్బయా. రా, నేను ఎక్కిస్తాలే," అన్నాడు.

అలా వచ్చాను. రేపు శనివారం. ఈ రోజు దిగకపోతే ఇక దిగదు.

*

ఒంటెల దగ్గర ఒక బలూచీ మనిషి ఉన్నాడు. తలపాగా, నెరిసిన గడ్డం, ఎండకు మూసుకుపోయిన కళ్లు. పేరు దాద్ కరీం అని మౌలా సాహెబ్ దారిలోనే చెప్పాడు. నేను పోయేసరికి ఒక తెల్ల దొరసానిని ఎక్కిస్తున్నాడు. పక్కన నిలబడి చూశాను.

ఎక్కించే ముందు ఒంటె పొట్టకు మోకాలు ఆనించాడు. పొట్ట కింద తాడు లాగాడు. తాడుకూ పొట్టకూ మధ్య వేళ్లు దూర్చి చూశాడు. మళ్లీ లాగాడు. జీను అటూ ఇటూ ఊపి, కదలదని తేలాకే ఆమెకు చెయ్యి అందించాడు.

ఆమె తర్వాత ఒక ముసలి దొర. మళ్లీ మోకాలు, మళ్లీ లాగడం, మళ్లీ వేళ్లు.

నా వంతు వచ్చింది. ముందుకు నడిచాను.

"ఏయ్!"

గుడారం వైపు నుంచి ఒకాయన పరుగున వచ్చాడు. హోటలువాళ్ల బొంబాయి మనిషి. అంత ఎండలో మెడకు టై. నా రబ్బరు చెప్పులు చూశాడు. గోళ్లలో పేరుకున్న సిమెంటు చూశాడు.

"యే గెస్ట్ లోగోం కే లియే హై. లేబర్ కే లియే నహీ."

అతిథులకట. కూలీలకు కాదట.

వాళ్లు ఇచ్చే డబ్బే నేనూ ఇస్తానని జేబులోంచి తీసి చూపించాను. తల అడ్డంగా ఊపాడు. ఒంటెకు నా వాసన అంటుతుందన్నాడు. ఆ తర్వాత గెస్టులు ఎక్కరట.

ఒంటెకు నా వాసన! అంతకు ముందు దాకా గాలిలో నాకు ఊపిరాడనివ్వని వాసన ఆ ఒంటెది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. జడుపు పట్టినవాడికి కోపం రాదంటారు. అబద్ధం. నాకు అరికాలి నుంచి వచ్చింది.

"మై భీ గెస్ట్," అన్నాను. నాకొచ్చిన హిందీ అంతంత మాత్రం. ఉన్నదంతా పోగేసుకున్నాను. "తూ భీ గెస్ట్. వీసా దోనోం కా హై."

నేనూ అతిథినే. నువ్వూ అతిథివే. వీసా ఇద్దరికీ ఉంది. అది అయిపోయిన రోజు నీ టై కూడా విమానం ఎక్కాల్సిందే.

చివరి మాట తెలుగులోనే అన్నాను. అర్థమైనట్టే ఉంది. ముఖం ఎర్రబడింది.

అయినా ఒప్పుకోలేదు. వేలు చాచి ట్యాంకర్ చూపించాడు — పో, అని.

వెనక నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

తిరిగి చూశాను. మౌలా సాహెబ్ ట్యాంకర్ వాల్వు తిప్పేసి, మెట్టు మీద కూర్చుని, తీరిగ్గా బీడీ ముట్టిస్తున్నాడు. డ్రమ్ములు సగం కూడా నిండలేదు. తల నిండా ఇసుకతో, భుజాల మీద తువ్వాళ్లతో నలుగురైదుగురు తెల్లవాళ్లు డ్రమ్ముల దగ్గర నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

"పానీ!" అని అరిచాడు బొంబాయి ఆయన.

"ఒంటె," అన్నాడు మౌలా సాహెబ్. అచ్చ తెలుగులో, నెల్లూరు తెలుగులో. "వాడు ఎక్కితే నీళ్లు దిగతాయి. వాడు ఎక్కకపోతే నేను ట్యాంకర్ తోలుకొని ఎల్లబారతా. యల్లా, నీ ఇష్టం."

గాలి తిరిగింది. బీడీ పొగ టై మీదుగా పోయింది.

తువ్వాలు కప్పుకున్న దొర ఒకాయన ఏదో అడిగాడు. బొంబాయి ఆయన నవ్వు ముఖం పెట్టి జవాబు చెప్పి, మా వైపు తిరగ్గానే ఆ నవ్వు తీసేశాడు.

"ఏక్ రౌండ్," అన్నాడు. "జల్దీ."

*

దాద్ కరీం ఒంటె ముక్కుతాడు లాగాడు. ఒంటె మోకాళ్లు మడిచి, గునుస్తూ కూర్చుంది.

"బైఠో," అన్నాడు.

జీను మీద చెయ్యి వేశాను. చెయ్యి కింద జీను జరిగింది. కొద్దిగా... వేలెడు.

దాద్ కరీం తాడు వైపు చూడనైనా లేదు. మోకాలు ఆనించలేదు. వేళ్లు దూర్చలేదు. దొర దిగినప్పుడు సడలిన తాడు సడలినట్టే ఉంది.

తాడు చూపించాను.

"అరే, తుమ్ మజ్దూర్ ఆద్మీ హో," అన్నాడు. చెడ్డగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. "గిరేగా తో క్యా? నీచే రేత్ హై."

కూలీ మనిషివి. పడితే ఏమవుతుంది? కింద ఇసుకే కదా.

ఇసుకే కదా.

భోజన్న పడింది కూడా ఇసుక మీదే.

పల్క కట్టలేదురా లింబాద్రీ — ఆసుపత్రిలో విన్న మాట అప్పుడు నా చెవిలో పడింది. ఇన్నాళ్లూ తలుపు బయట నిలబడి, ఆ నిమిషంలో లోపలికొచ్చి కూర్చుంది.

నా చెయ్యి జీను మీదే ఉంది. జీను జరుగుతోంది. మోకాలు మొదలుపెట్టింది... అదే వణుకు. మోకాలు నుంచి తొడకు, తొడ నుంచి కడుపుకు. పరంజా కింద వచ్చిందే. ఒక్క పిసరు తేడా లేదు.

మా నాయన గుర్తొచ్చాడు. చెట్టు మొదట్లో నిలబడి, నడుముకూ చెట్టుకూ కలిపి మోకు చుట్టుకుని, వెనక్కి వాలి ఒంటి బరువంతా దాని మీద వేసేవాడు. లాగి చూసేవాడు. తర్వాత నన్ను లాగి చూడమనేవాడు. మా తాత కూడా అంతే. ఊళ్లో ఏ గౌండ్లాయన మోకు చూడకుండా చెట్టు ముట్టడు. చూసినందుకు వాణ్ని పిరికివాడని అన్నవాడు నాకు తెలిసి లేడు.

మోకు కట్టి ఎక్కిన చెట్టు మీద నేను ఈల వేశాను. కట్టని పలక కింద నాకు చలి పుట్టింది.

మరి పిరికివాణ్ని నేనెట్లా అయ్యాను?

"బాంధో," అన్నాను.

"అరే బైఠో భాయ్—"

"బాంధో. నహీ తో నహీ బైఠూంగా."

కట్టు. లేకపోతే ఎక్కను.

అంతకు ముందు ఎన్నడూ ఆ మాట అనలేదు. ఈ దేశంలో అనలేదు. ఎక్కు అంటే ఎక్కాను. దిగు అంటే దిగాను. పడుకో అంటే పడుకున్నాను. నా నోట్లోంచే వచ్చిందా అని నేనే చుట్టూ చూశాను.

బొంబాయి ఆయన గడియారం చూసుకుంటున్నాడు. తెల్లవాళ్లు చూస్తున్నారు. దొరసాని ఒకామె కెమెరా దించి చూస్తోంది. ఎక్కడానికి అంత గొడవ చేసినవాడు ఇప్పుడు ఎక్కనంటున్నాడేమిటి అని వాళ్ల ముఖాల్లో ఉంది. ఉండనీ.

నేను చెయ్యి తీసి, వెనక్కి ఒక అడుగు వేసి, నిలబడ్డాను.

దాద్ కరీం నవ్వు ఆపాడు. తర్వాత ఒంగి ఒంటె పొట్టకు మోకాలు ఆనించి, తాడు లాగాడు. వేళ్లు దూర్చి చూశాడు. మళ్లీ లాగాడు.

"దేఖో," అన్నాడు. నువ్వూ చూడు, అని.

నేనూ లాగి చూశాను. జీను కదల్లేదు.

ఎక్కాను.

*

ఒంటె వెనక కాళ్ల మీద ముందు లేస్తుంది. ఎవరూ చెప్పలేదు నాకు. ముందుకు పడబోయాను... ఇసుక ముఖం దాకా వచ్చింది. జీను కొమ్మును రెండు చేతులా పట్టుకున్నాను. తర్వాత ముందు కాళ్లు లేచాయి. ఆకాశం ముఖం దాకా వచ్చింది.

ఆ తర్వాత — ఎత్తు.

గాలి. దిబ్బ మీద దిబ్బ. అల్ ఐన్ పోయే నల్ల రోడ్డు. ఒక లారీ, చీమంత. ముసఫ్ఫా వైపు పొగ. నేను కడుతున్న ఊరు అటువైపే ఎక్కడో ఉంది, ఇక్కడికి కనిపించదు.

"తీన్ చక్కర్," అన్నాను కిందికి.

మూడు చుట్లు. జడుపు ఒక్క చుట్టుకు దిగదు.

ఎందుకని అడిగాడు. వచ్చీ రాని హిందీలో చెప్పాను — ఎలుగు, మా అమ్మ, చాటెడు జొన్నలు, మెడలో వెంట్రుక. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చొక్కా కాలరు పక్కకు జరిపి తాయెత్తు చూపించాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ కట్టిందట. లోపల తోడేలు పన్ను ఉందట.

మరేమీ అడగలేదు. బొంబాయి ఆయన వైపు వీపు తిప్పి, ముక్కుతాడు పట్టుకుని నడిచాడు.

మొదటి చుట్టు. కళ్లు మూసుకున్నాను. జడుపా, దిగు. మా ఎల్లమ్మ తల్లి మీద ఆన, దిగు.

దిగలేదు.

రెండో చుట్టు. కళ్లు తెరిచాను. కెమెరా దొరసాని నన్నూ ఒక ఫోటో తీసింది. తీసుకోనీ. ఎక్కడో చలి దేశంలో, ఎవరింటి గోడ మీదో నేను ఉంటాను. ఎడారిలో తీసిన ఫోటో అని చెప్పుకుంటారు. నేను అక్కడ ఏం చేస్తున్నానో వాళ్లకు ఎన్నటికీ తెలియదు.

మూడో చుట్టు. ఒంటె నడుస్తోంది. ఒళ్లు ఊగుతోంది. మెత్తగా, నిదానంగా... పడవలో కూర్చున్నట్టు. దిబ్బ అంచు మీద ఒంటె కాలు జారింది. జీను జరగలేదు. నేను జరగలేదు. అప్పుడు చూసుకున్నాను — మోకాళ్లు వణకడం లేదు.

భయం ఉంది. ఉన్నచోటే ఉంది. కానీ ఊరికే ఉంది. నా పక్కన కూర్చుని నాతోపాటు దారి చూస్తోంది.

ఇది జడుపు కాదు.

పిడుగుకు పట్టింది జడుపు. పిడుగును ఎవరూ కట్టలేరు. పలకను కట్టొచ్చు. జానెడు తీగ చాలు. ఆ జానెడు తీగ ఎందుకు కట్టలేదంటే, కింద ఇసుక ఉంది కాబట్టి. మేం మజ్దూర్ మనుషులం కాబట్టి. భోజన్న తల తిరగలేదు. భోజన్న పాట పాడుతున్నాడు. పాట పాడేవాడికి తల తిరుగుతుందా?

ఏడ్చాను.

ఒంటె మీద కూర్చుని, అంతమంది చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆసుపత్రిలో రాని ఏడుపు అక్కడ వచ్చింది. తెల్లవాళ్లు కంట్లో ఇసుక పడిందనుకున్నారేమో. వాళ్లలో ఒకాయన తన నల్ల కళ్లద్దాలు తీసి నా వైపు చాచాడు. వద్దన్నాను.

*

దిగాక దాద్ కరీం ఒంటె మెడ కింద నుంచి ఒక వెంట్రుక పీకి ఇవ్వబోయాడు.

"నహీ చాహియే," అన్నాను. అతని చెయ్యి పట్టుకుని ఊపాను. గట్టి చెయ్యి, తాడు ఒరిసి కాయలు కాసిన చెయ్యి. ఒంటె అప్పటికే నన్ను మరిచిపోయి నములుతోంది.

ట్యాంకర్‌లోంచి నీళ్లు దిగుతున్నాయి. మౌలా సాహెబ్ నా ముఖం చూశాడు.

"దిగిందా అబ్బయా?"

"దిగలె సాబ్."

"అయ్యో! ఇంకో తూరి ఎక్కుతావా? ఇంకో డ్రమ్ము ఉండాదిలే, ఆపుతా."

"ఒద్దు సాబ్. దాన్ని ఉండనీ. దాంతోటి రేపు పనున్నది."

ఆయనకు అర్థం కాలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు. దారి పొడవునా అనుమానంగా నా వైపు చూస్తూ ట్యాంకర్ నడిపాడు.

క్యాంపులో అందరూ అదే అడిగారు. అందరికీ అదే చెప్పాను. భీమయ్య చాలా నొచ్చుకున్నాడు.

"ఎడమ దిక్కు తిప్పిండా, కుడి దిక్కు తిప్పిండా?" అని తరిచి తరిచి అడిగాడు. ఆయన లెక్కలో తప్పు ఆ బలూచీవాడిదే.

*

శనివారం.

కంపెనీ బస్సు దిగాం. ఇంకా ఎండ ఎక్కలేదు. బిల్డింగు నీడ సముద్రం దాకా పడుకుని ఉంది. పరంజా మీద అక్కడక్కడా చెక్క పలకలు గాలికి కొస లేచి, పడుతున్నాయి.

టక్... టక్...

రోజూ ఉండే చప్పుడే. రోజూ మేం వినకుండా ఎక్కిన చప్పుడే.

ఫోర్‌మన్ చేతులు నడుము మీద పెట్టుకుని నా కోసమే నిలబడి ఉన్నాడు.

"యల్లా. చఢో." పద, ఎక్కు, అని.

పరంజా దగ్గరికి పోయాను. తల ఎత్తి చూశాను. మోకాలు వణికింది. ఈసారి దాన్ని తిట్టుకోలేదు.

"తఖ్తా బాంధో," అన్నాను. "నహీ తో నహీ చఢూంగా."

పలక కట్టు. లేకపోతే ఎక్కను.

గొంతు చిన్నగా వచ్చింది. మళ్లీ అన్నాను. ఈసారి అందరికీ వినిపించింది. వెనక అడుగులు ఆగిపోయాయి. వెంకట్రాములు చేతిలోని తట్ట కింద పెట్టిన చప్పుడు వినబడింది.

ఫోర్‌మన్ ముందు నవ్వాడు. తర్వాత అరిచాడు. "డర్‌పోక్!"

"హా," అన్నాను. "డర్ లగ్తా హై."

అవును. భయమేస్తోంది. కాదంటాననుకున్నాడు. కాదని నిరూపించడానికి ఎక్కుతాననుకున్నాడు. అట్లాగే కదా ఇన్నాళ్లూ అందర్నీ ఎక్కించింది.

"భోజన్నకు తల తిరగలే," అన్నాను. ఇది తెలుగులో. నా వెనక ఉన్నవాళ్లకు. "పల్క కట్టలే. ఆయనే చెప్పిండు నాకు."

భీమయ్య అప్పటికే పైపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఎక్కబోతున్నవాడు ఆగాడు. తల ఎత్తి పలకల వంక చూశాడు... జ్వరం వచ్చిన రాత్రి నా కింది రెప్ప లాగి చూసినంత శ్రద్ధగా చూశాడు. తర్వాత పైపు మీంచి చెయ్యి తీసేశాడు. తీసి, ఏం చేయాలో తెలియక, ఆ చెయ్యిని చొక్కాకు తుడుచుకున్నాడు.

ఫోర్‌మన్ మా అందర్నీ చూశాడు. నా పేరు అడిగాడు. నా పేరు అతనికి తెలుసు. అయినా అడిగాడు. చెప్పాను. తండ్రి పేరు కూడా కలిపి చెప్పాను.

వెనక్కి తిరిగి ఆఫీసు వైపు నడిచాడు. అది ఇనుప డబ్బాలాంటి గది. పలకలు కట్టే బైండింగ్ తీగ చుట్టలు అందులోనే ఉంటాయి. మా పాస్‌పోర్టులూ అందులోనే ఉంటాయి. ఏది తేవడానికి పోయాడో మాకు తెలియదు.

గాలి మొదలైంది.

ఇసుక కుప్ప మీంచి సన్నగా లేచి మా కాళ్లను తాకుతూ పోతోంది. పైన పలకలు కొట్టుకుంటున్నాయి. కింద ఇంతమందిమి. ఒక్కడూ ఎక్కలేదు, ఒక్కడూ పోలేదు. నా మోకాళ్లు ఇంకా వణుకుతున్నాయి. వణకనీ.

ఆఫీసు తలుపు తెరుచుకుంది.

నేను కాళ్లు ఎడంగా పెట్టి, నిలబడ్డచోటే నిలబడ్డాను...